కింది గొంతు

కృపానిధి గురించి చెప్పాలంటే ముందు ఆయన గొంతు గురించి చెప్పాలి. మనిషి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సన్నగా, పొడుగ్గా, ఎండిన జొన్నదంటులా ఉంటాడు. ఆ దంటులోంచి అంత లావు గొంతు ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి. అంగట్లో నిలబడి "అరకిలో చక్కెర" అంటే అంగడివాడు ఆయన్ని వదిలేసి, వెనకాల ఇంకెవరున్నారా అని తొంగి చూస్తాడు. దోణిమలై గనిలో స్టోర్‌కీపరుగా ఉన్నన్నాళ్ళూ ఫోన్లో "సార్, సార్" అన్నవాళ్ళే మనిషిని చూశాక "ఏమప్పా" అనేవాళ్ళు. ఉద్యోగం అయిపోయాక బళ్ళారికి వచ్చేసి, పాత మిషన్ చర్చి వెనక సందులో ఒక గది తీసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే దానికో కారణం ఉంది, చెబుతాను.

ఒకప్పుడు ఆ చర్చి క్వయరంటే ఇటు గుంతకల్లు నుంచి అటు రాయచూరు దాకా పేరు. క్వయర్ మాస్టరు గట్టి మనిషి. ఆడవాళ్ళలో పైగొంతు వాళ్ళు సొప్రానో, వాళ్ళ కింద ఆల్టో, మగవాళ్ళలో టెనర్, అందరికంటే అడుగున బేస్. ఆ బేస్ ఒక్కడే, కృపానిధి. "నీ గొంతుకు మాటలొద్దురా. మాటలు పైనోళ్ళు చూసుకుంటారు. నువ్వు కింద నడువు, సాలు" అన్నాడు మాస్టరు. అంతే, మన కృపానిధి వారం వారం దోణిమలై నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి ఒక్క మాట కూడా లేకుండా "మ్‌మ్‌మ్... ఊఁ..." అంటూ పాటల కింద నడిచాడు. సంఘంలో పిల్లలు ఆయనకు పెట్టిన పేరు ఊకొట్టే కృపానిధి. కథ చెబుతుంటే ఊకొట్టేవాడికి కథలో వాటా ఎంతో, పాటలో ఈయన వాటా అంతే అని అందరి లెక్క. మాస్టరు లెక్క వేరే. ఆయన పాట మొదలుపెట్టించేదే కృపానిధితో. ముందు ఈ కింది గొంతు ఒక్కటే లేచి కొంచెం నడుస్తుంది. దాన్ని పట్టుకుని ఆల్టో ఎత్తుకుంటుంది. ఆ తర్వాత తక్కినవాళ్ళు వస్తారు.

ఆల్టోలో దీనమ్మ ఉండేది. సరిగ్గా కృపానిధికి ముందు వరసలో నిలబడేది. ఇంక దాచేదేముంది, ఆమె అంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి ఆమెకు చెప్పాడా అంటే, లేదు. మాటలు పైవాళ్ళు చూసుకుంటారని అలవాటైపోయిన మనిషి. ఈలోగా సిరుగుప్పలో మిషన్ బడి టీచరుతో ఆమెకు సంబంధం కుదిరింది. పెళ్ళి ఈ చర్చిలోనే జరిగింది, క్వయర్ పాడింది, దీనమ్మ పెళ్ళిలో కూడా కృపానిధి ఊకొట్టాడు.

ఆ తర్వాత పండగలకు, పెద్ద కూటాలకు ఆమె సిరుగుప్ప నుంచి వచ్చి పాడి వెళ్ళేది. మాస్టరు పోయే ముందు ఏడాది బెంగళూరు నుంచి ఆయనకు తెలిసిన ఒకాయన టేపు మిషను పట్టుకుని వచ్చాడు. రోజంతా చర్చిలోనే క్వయర్ చేత పాడించి రికార్డు చేసుకున్నాడు. మైకులు రెండే. ఒకటి అందరి ముందూ పెట్టాడు. కృపానిధి గొంతు ఆ గుంపులో అణిగిపోతోందని రెండోది తెచ్చి ఆయన ఒక్కడి ముందు పెట్టాడు. తనకంటూ ఒక మైకు! ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు కృపానిధి.

తర్వాత మాస్టరు పోయాడు, క్వయరూ పోయింది. ఇనుప ఖనిజం కోసం తవ్విన కొండలు కొండలే లారీలెక్కి రేవులకు పోతున్న రోజులు వచ్చాయి. మనుషులు మాత్రం ఎందుకు ఆగుతారు? ఒకరు హోసపేటకు, ఒకరు తోరణగల్లు ఫ్యాక్టరీకి, ఒకరు గుంతకల్లు రైల్వేకు చెదిరిపోయారు. పైగొంతున్నవాళ్ళు ఎక్కడైనా పాడుకోవచ్చు. బేస్ ఒక్కడూ గదిలో కూర్చుని ఊకొడితే పక్కింటివాళ్ళు తలుపు కొట్టి ఒంట్లో బాగుందా అని అడుగుతారు. కృపానిధిని నిజంగానే అడిగారు. అప్పటినుంచి గదిలో పాడటం మానేశాడు.

ఇలా ఉండగా చర్చికి వార్షికోత్సవం వచ్చింది. పాత క్వయర్ మళ్ళీ ఒక్కసారి నిలబడి పాడాలని పాస్టరు అయ్యగారికి ఆశ పుట్టింది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు సాధన ఎలా చేస్తారు? బెంగళూరు ఆయన కొడుకు ఆ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక హార్డ్ డిస్కులో ఇదివరకే పంపాడు. అందులో పాటలు చిన్నవి చేసి మెమరీ కార్డుల్లో వేసి తలా ఒకటి పంపితే, ఫోన్లో వింటూ ఎవరి గొంతు వాళ్ళు గుర్తు తెచ్చుకుంటారని అయ్యగారి ఉపాయం. కృపానిధి ఖాళీ మనిషి కాబట్టి, హార్డ్ డిస్కు సంచిలో పెట్టుకుని తనే బయలుదేరాడు.

వెళ్ళింది గ్లోరియా అంగడికి. గ్లోరియా ఈ సంఘం పిల్లే, మాస్టరు పోయాక పెరిగింది. బస్టాండు దగ్గర మిర్చిబజ్జీలు, బొరుగుల ఒగ్గరణి అమ్మే బండి పక్కన మొబైల్ అంగడి పెట్టుకుని లారీ డ్రైవర్ల ఫోన్లలో పాటలు ఎక్కిస్తుంది. దగ్గర్లోని రూపనగుడిలో రైతులు కొందరు పొలం దున్నడం ఆపి ఖనిజం తోలే టిప్పర్లు కొన్నారు కదా, ఆ బండ్లన్నిట్లో మోగేవి గ్లోరియా ఎక్కించిన పాటలే. కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. అంగడి ముందు జనరేటర్, పక్క అంగడి ముందు ఇంకో జనరేటర్, ఆ వీధి పొడుగునా అదే మోత. అక్కడ మాట్లాడుకోవడమంటే కేకలేసుకోవడమే.

"వందనాలు అంకుల్" అని గ్లోరియా డిస్కు తగిలించి చూసింది. "అబ్బా, ఎంత పెద్ద ఫైళ్ళో! ఇవి లాస్‌లెస్ అంకుల్."

దురుగప్ప అనే డ్రైవరు ఫోన్ కోసం అక్కడే నిలబడి ఉన్నాడు. "లాస్ లేదా? బళ్ళారిలో ఇప్పుడు యావనికి లాస్ ఉండాది లేమ్మా!" అన్నాడు.

"అది కాదన్నా. పాడినప్పుడు ఎంతుండెనో అంతా ఉండాది దీంట్లో, ఏం పోలేదు అని. కానీ ఒక్క పాట వేస్తే కార్డు నిండిపోతాది. ఎంపీత్రీ చేస్తే చిన్నదైతాది, అన్నీ పడతాయి."

"చిన్నది చేస్తే మరి ఏం పోతాదమ్మా?" అని అడిగాడు కృపానిధి.

"చెవికి తెలీనిది పోతాది అంకుల్. పెద్ద చప్పుడు కింద చిన్న చప్పుడు ఉంటే మనకు ఎట్లాగూ తెలీదు గదా, అది తీసేస్తాది. ఎవరికీ తెలీనిదే తీస్తాది."

అదేదో బాగానే ఉందనిపించింది కృపానిధికి. డిస్కు అక్కడ పెట్టి, ఒగ్గరణి తిని ఇంటికి వచ్చాడు.

కార్డులు తయారై అందరికీ వెళ్ళాయి. కృపానిధి తన కార్డు తెచ్చుకుని ఫోన్లో వేసి, తలుపు మూసి, మంచం మీద కూర్చుని నొక్కాడు. మొదటి పాట ఆయన గొంతుతో మొదలవ్వాలి. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పాట ఆడగొంతులతో ధడాలున మొదలైంది. ఎక్కడో ముందుకు జరిగిందేమో అనుకుని మళ్ళీ మొదటికి తెచ్చాడు. మళ్ళీ ఆడగొంతులే. శుభ్రంగా, కడిగిన గాజుగ్లాసులా ఉంది పాట. సొప్రానో ఉంది, టెనర్ ఉంది, దీనమ్మ ఉన్న ఆల్టో ఉంది, హార్మోనియం తొక్కుడు కూడా ఉంది. తాను లేడు. చిన్న ఫోను కదా, కింది గొంతు దీనికి పలకదేమో అని సరిపెట్టుకుని, చొక్కా వేసుకుని ఎండలోనే గ్లోరియా అంగడికి వెళ్ళాడు.

"పెద్ద స్పీకర్లో ఒకసారి పెట్టమ్మా" అన్నాడు.

గ్లోరియా పెట్టింది. అందులోనూ లేడు.

"ఎట్లుంది అంకుల్ క్వాలిటీ?" అని గ్లోరియా మురిసిపోతూ అడిగింది. "ఎంత కష్టపడినానో తెలుసా! రికార్డింగ్‌లో ఒక పక్కంతా పాట, ఇంకో పక్కంతా సుమ్నె, ఊరికే మ్‌మ్ అని మోత. జనరేటర్. ఎవురో మైకు జనరేటర్ పక్కన పెట్టుండారు, బుద్ధి లేదు వాళ్ళకు. ఆ పక్క మొత్తం తీసేసినా. ఒక పక్కే ఉంచితే ఫైలు ఇంకా సగం అయింది. మొదట్లో ఖాళీ వస్తాంటే అది గూడా కత్తిరించినా."

కృపానిధి చెయ్యి అంగడి బల్ల మీద ఉంది. వీధిలో జనరేటర్లన్నీ ఒక్కసారిగా ఆయన చెవిలోకి దూరాయి. గ్లోరియాను తప్పు పట్టడానికి లేదు. పుట్టినప్పటినుంచి ఆ మోత మధ్యే పెరిగిన పిల్ల. మాటల్లేని గొంతు ఒకటి పాట కింద ఉంటుందని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

"పెద్దవి... అవి గూడా పోయినాయా?"

"అయ్యో, లేదంకుల్, అయ్యగారి డిస్కులో అట్లనే ఉండాయి. ఏం, బాగలేదా?"

ఇక్కడ ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. అమ్మా, అది జనరేటర్ కాదు, నేను అంటే చాలు. పిల్ల నాలుక్కరుచుకుని సాయంత్రానికి మళ్ళీ చేసిచ్చేది. ఆ మాటే కృపానిధి నోట రాలేదు. సిగ్గేసింది. "మంచి పని చేసినావమ్మా" అని బయటికి వచ్చేశాడు. దారిలో ఆ సిగ్గు కాస్తా ఇంకో రూపం తీసుకుంది. నేను లేనని నేను చెప్పడమేంటి? విన్నవాళ్ళే చెప్పాలి. అన్నేళ్ళు పక్కన నిలబడి పాడినవాళ్ళలో ఒక్కరైనా "కృపానిధి ఏడీ?" అని అడగరా? చూద్దాం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈయన నోరు తెరవకుండా విస్తరి ముందు కూర్చున్నాడు.

ఎవరూ అడగలేదు. హోసపేట నుంచి ఫోన్లు వచ్చాయి, భలే క్లీన్‌గా ఉందని. తోరణగల్లు టెనర్ అయితే ఆ కాలంలో మనమింత బాగా పాడామా అని ఆశ్చర్యపోయాడు. ఉప్పు లేకపోతే కూర తిన్నవాళ్ళకు తెలుస్తుందంటారు. ఈ కూర తిన్నవాళ్ళంతా లొట్టలు వేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక కృపానిధి గుమ్మం దగ్గర కొంచెం ఎక్కువసేపే నిలబడేవాడు. అందరూ వందనాలు చెప్పి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

సాధన రోజు వచ్చింది. రాగలిగినవాళ్ళు వచ్చారు. సిరుగుప్ప నుంచి దీనమ్మ వస్తుందని కృపానిధి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమె రాలేదు. అయ్యగారు ఫోన్ మాట్లాడి వచ్చి, "దీనమ్మ గారు రారంట. పాడటం చేతకాదంట" అన్నాడు. సరే, వయసైంది పాపం అని ఎవరో అన్నారు. పాట మొదలైంది. ఫోనును స్పీకరుకు తగిలించి, కార్డులో పాటతో పాటే పాడారు. ఎత్తుకోవడం కూడా కార్డుతోనే. కృపానిధి తన పాత చోటులోనే నిలబడ్డాడు. ముందు వరసలో ఆయనకు ఎదురుగా ఖాళీ. ఆయన నోరు తెరవలేదు. ఒక పాట, ఇంకో పాట, సాధన మొత్తం పెదవులు బిగించుకునే ఉన్నాడు. ఇప్పుడైనా ఎవరైనా వెనక్కి తిరుగుతారేమో అని ఎదురు చూశాడు.

అంతా అయ్యాక గుంతకల్లు సొప్రానో రూతమ్మ చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. "అన్నా, ఈసారి బో కుదిరింది. నీ గొంతు గూడా అట్లనే ఉండాది, ఏం తగ్గలేదు" అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మెచ్చుకుంది పాపం, మంచి మనసుతోనే. ఆమె వైపు చూసి నవ్వాడు కానీ, ఆ రోజు ఇంటికి నడుస్తుంటే కృపానిధికి తాను ఉన్నా లేకపోయినా ఒకటేనని ఖాయమైపోయింది. అంత ఒంటరితనం ఆయన దోణిమలై కొండ మీద, వర్షాకాలం మంచులో, క్వార్టర్‌లో ఒక్కడే ఉన్నప్పుడు కూడా ఎరగడు. అక్కడ మనుషులు లేరు కాబట్టి ఒంటరి. ఇక్కడ అందరూ ఉన్నారు.

మరుసటి ఆదివారం అయ్యగారితో చెప్పేశాడు. "గొంతు బాగలేదు అయ్యగారూ. దుమ్ము పట్టింది. నేను పాడలేను."

వద్దు, మీరు లేకపోతే ఎలా అంటాడేమోనని ఒక్క క్షణం ఆగాడు.

"అయ్యో, విశ్రాంతి తీసుకోండి. ఏం ఫర్వాలేదు, స్పీకర్లో కార్డు ఎట్లాగూ వేస్తాం గదా, కవరైపోతాది" అన్నాడు అయ్యగారు. ఆయన హడావిడి ఆయనది, షామియానావాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "మీరు ఖాళీయే గదా, ఒక పని చేయండి. సిరుగుప్పకు పోయి దీనమ్మ గారిని పిలిచి రండి. పాడకపోయినా వచ్చి కూర్చోమనండి. పాతవాళ్ళు కనపడితే బాగుంటాది."

కృపానిధి బస్సెక్కాడు. ఊరు దాటేదాకా టిప్పర్ల వరస, ఎర్రదుమ్ము. బస్సు అద్దం మూస్తే ఉక్క, తెరిస్తే దుమ్ము. చాలాసేపటికి కాలువ నీళ్ళు కనపడ్డాయి, తర్వాత రెండు వైపులా వరి. చల్లగాలి మొహానికి తగిలింది. ఇంత పచ్చదనం చూస్తే ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. ఈయనకు మాత్రం దిగులే వేసింది. ఆమె కూడా కార్డు విని ఉంటుంది. ఆమె కూడా ఏమీ అనలేదు. తక్కినవాళ్ళు గమనించకపోతే పోయారు. దీనమ్మ కూడా గమనించలేదని కళ్ళారా చూసి రావడానికి పోతున్నానా అనుకున్నాడు. మధ్యలో ఒక ఊళ్ళో బస్సు ఆగితే దిగి వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది.

సిరుగుప్పలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. దీనమ్మ చెల్లెలి కొడుకు జాబెజ్ తలుపు తీశాడు. రైసుమిల్లులో గుమాస్తా, పెద్దమ్మను దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నాడు. టీచరు పోయి చాలాకాలమైంది.

"రాండి అంకుల్" అని కూర్చోబెట్టి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "పెద్దమ్మకు మనసు బాగలేదు. మతి పోతాండాది అని ఆమే అంటాంది. పాటలన్నీ మర్చిపోయిందంట. వాళ్ళమ్మకు, అదే మా అవ్వకు గూడా కడాకు ఇట్లనే మొదలయిందంట గదా, అదే భయం. పాటల పుస్తకం పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. కూటానికి గూడా పోతాలేదు."

అంతలో దీనమ్మ చేట పట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి తగ్గింది, నడక అదే. ఆయన్ని చూసి ఆగింది.

"ఇప్పటికి తీరిందా అప్పా నీకు?"

అందరూ అనే మాటే కదా అనుకున్నాడు కృపానిధి. "అయ్యగారు పంపినాడు దీనమ్మా. పాడకున్నా వచ్చి కూర్చోమన్నాడు."

"అయ్యగారు పంపితే వచ్చినావా?" అని ఆమె చేట కింద పెట్టి కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నాలుగు రాళ్ళు ఏరి పక్కన పడేసింది. తర్వాత తల ఎత్తకుండానే అంది. "నేనేం వచ్చి కూర్చునేది? ఆడ అందరూ పాడతాంటే నోరు మూసుకోని కూర్చునేకి వచ్చేదా? నాకు పోయిందప్పా పాట. నువ్వే చూడు."

ఫోను తీసి కార్డులో మొదటి పాట వేసింది. పాట ధడాలున మొదలైంది. దీనమ్మ నోరు తెరిచి ఆగింది, ఎత్తుకోబోయి తడబడింది, ఆలస్యంగా అందుకుని రెండు మాటలు పాడేసరికి తన గొంతు వదిలి సొప్రానో వెంట పైకి పోయింది. అక్కడ అందక తెగిపోయింది. ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. మూడోసారి వేయబోయి, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"కండ్లు మూసుకోని పాడినదాన్ని. ఇప్పుడు యాడ ఎత్తుకోవల్లో తెలీదు. దినాం వేసి చూస్తా, దినాం ఇంతే. చెవులు గూడా పోయినాయి. అందరి గొంతులూ ఇనపడతాయి, నీది ఒక్కటి ఇనపడదు. నీ గొంతు నా వీపుకు తగుల్తాండె. కండ్లు పోయినా చెవులు పోయినా అది తెలుస్తాది అనుకొంటి. అది గూడా లేదంటే ఇంక నాకు ఏం మిగిలినట్ల?"

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం గుమ్మాల దగ్గర నిలబడ్డాడో ఆ మాట వచ్చింది. వచ్చింది కానీ, ఆమె ఏడుస్తుంటే వచ్చింది. కృపానిధికి సంతోషం వేయలేదు. భయం వేసింది, తాను చేసిన పని ఏంటో అప్పుడు తెలిసి.

"నీకేం పోలేదు దీనమ్మా" అన్నాడు. "ఆ పాటలో నేను లేను."

"లేవా?"

"లేను. కార్డులు చేసిన పిల్ల నా గొంతు జనరేటర్ అనుకోని తీసేసింది. మొదట్లో నేను ఎత్తేది గూడా కత్తిరించింది. నీ చెవులూ బాగుండాయి, నీ మతీ బాగుండాది."

దీనమ్మ ఆయన మొహం చూసింది. జాబెజ్‌కు నవ్వొచ్చింది కానీ పెద్దమ్మను చూసి మింగేశాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"కార్డు వచ్చిన దినమే."

"తెలిసి చెప్పలేదా? ఈడ నేను మా అమ్మ మాదిరి అయిపోతాండా అని దినాం సస్తాంటే, తెలిసి సుమ్నె ఉంటివా?"

"ఎవురన్నా అడుగుతారేమో అని..." కృపానిధి గొంతు ఎన్నడూ లేనంత చిన్నదైంది. "ఒక్కరన్నా నేను లేనని అడుగుతారేమో అని చూసినా దీనమ్మా. ఎవురూ అడగలేదు."

"నేను అడగలేదా?" దీనమ్మ చేట పక్కకు తోసేసింది. "కృపానిధప్ప ఒక తూరి వచ్చి ఎత్తిచ్చి పోతే పాడతా, ఆయప్ప లేకుండా నాకు చేతకాదు అని చెప్పి పంపలేదా? వారం పది దినాల నుంచి ఈ వాకిలి చూస్తాండా, ఇప్పుడొస్తాడు అప్పుడొస్తాడు అని. నువ్వేమో అయ్యగారు పంపితే వచ్చినా అంటివి!"

కృపానిధి జాబెజ్ వైపు చూశాడు. జాబెజ్ తల గోక్కున్నాడు.

"అది... ఫోన్లో బ్యాలెన్స్ తక్కువుండె అంకుల్. కట్ అయితాదని చిన్నగా చెప్పేసినా. పెద్దమ్మకు చేతకాదంట అని."

జాబెజ్ టీ పెడతానని లోపలికి జారుకున్నాడు. దీనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడవైపుకు జరిగి, ఆయనకు వీపు చూపించి కూర్చుంది.

"ఎత్తు" అంది.

కృపానిధి లేచి ఆమె వెనక నిలబడ్డాడు. చాలాకాలంగా పాడింది లేదు. మొదట దగ్గు వచ్చింది, తర్వాత గొంతు జీరపోయింది. తర్వాత, ఎక్కడో అడుగునుంచి, ఆ పాత గొంతు దొరికింది. మాటల్లేకుండా మెల్లగా నడిచింది. ఆల్టో ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది. ఆయన ఆ చోట కొంచెం ఆగి చూపించాడు కూడా. దీనమ్మ అందుకోలేదు. ఇంకొంచెం ముందుకు పోయాడు. ఆమె నోరు తెరవలేదు. పాట నిజంగానే పోయిందేమో అనుకున్నాడు కృపానిధి. ఊపిరి అయిపోయి ఆపేశాడు.

"ఏమయింది దీనమ్మా? రాలేదా?"

"వచ్చింది" అంది ఆమె, తిరగకుండానే. "నేను పాడితే నీది సరిగ్గా ఇనపడదని ఊరికే ఉంటి. మళ్ళీ మొదటి నుంచి ఎత్తు."

కృపానిధి మళ్ళీ ఎత్తాడు.